చేతికి అందే మెనూ

కంప్యూటర్ తెరమీద ఏది ఎక్కడుందో రోజూ పనిచేసేవారికి కన్ను కన్నా ముందు చేతికి తెలుస్తుంది. అనుభవమున్న ఆపరేటర్ స్టార్ట్ బటన్ కోసం వెతకడు. మౌస్‌ను కింది ఎడమ మూలకు ఒక్క తోపు తోస్తాడు. బటన్ అక్కడే ఉంటుంది, మెనూ తెరుచుకుంటుంది. 1995 ఆగస్టు 24న విండోస్ 95తో మొదలైన ఈ అలవాటు, విండోస్ 8 కాలంలో కొంత తెగినా, పాతికేళ్లకు పైగా సాగింది. 2021 అక్టోబరు 5న వచ్చిన విండోస్ 11 ఆ బటన్‌ను మూలనుంచి తీసి కింది పట్టీ మధ్యలో పెట్టింది. ఆ తర్వాత నాలుగేళ్లు చాలామంది విండోస్ 10తోనే పని నడుపుకున్నారు. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. ఎప్పుడో చూసుకోవచ్చులే అనుకున్న మార్పు కాస్తా గడప దగ్గరికొచ్చింది.

శ్రీ సత్యసాయి జిల్లాలోని మూడు పట్టణాల్లో ఈ మార్పు ప్రధానంగా మూడు రకాల పనులను తాకుతుంది. ధర్మవరంలో పట్టుచీరల అంచులు, బుటాలు, కొంగులు కంప్యూటర్ మీద గీసే డిజైన్ పని. హిందూపురంలో పెండ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, ఫ్లెక్సీలు తయారయ్యే డీటీపీ పని. పెనుకొండలో రెవెన్యూ డివిజన్ కేంద్రానికి ఉండే ఆఫీసు పని. ఈ మూడు పనులు చేసేవారి ముందూ ఉన్నది ఒకే తెర. కానీ ఒకరికి రోజుకు వందసార్లు కావలసిన బటన్ ఇంకొకరికి ఏడాదికి ఒక్కసారి కూడా అక్కరలేదు. కంపెనీ తన తెరను కోట్లమందికి కలిపి తయారుచేస్తుంది. దాన్ని తన పనికి తగ్గట్టు సర్దుకోవడం మాత్రం ఆ కుర్చీలో కూర్చున్న మనిషి వంతు.

మూల ఎందుకంత సులువు? చేయి ఒక గురిని అందుకోవడానికి పట్టే సమయం ఆ గురి దూరం మీద, దాని పరిమాణం మీద ఆధారపడుతుందని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ ఫిట్స్ 1954లో ప్రయోగాలతో చూపించాడు. దగ్గరగా, పెద్దగా ఉన్నదాన్ని త్వరగా అందుకుంటాం. దూరంగా, చిన్నగా ఉన్నదానికి ఆలస్యమవుతుంది. తెర మూలకు ఇంకో మేలు కూడా ఉంది. మౌస్‌ను ఎంత గట్టిగా తోసినా బాణం గుర్తు మూలను దాటిపోదు, వెళ్లి అక్కడే ఆగుతుంది. గోడకు ఆనించి పెట్టిన బిందెను చీకట్లో కూడా తడిమి పట్టుకోవచ్చు. నడిమింట్లో పెట్టిన బిందె కోసం దీపం వేయాలి. విండోస్ 11లో స్టార్ట్ బటన్‌ది ఈ రెండో పరిస్థితి. పైగా అది నిలకడగా ఒకచోట ఉండదు. ప్రోగ్రాములు తెరిచేకొద్దీ కింది పట్టీలో గుర్తులు పెరుగుతాయి, వాటిని మధ్యలో అమర్చడానికి స్టార్ట్ బటన్ కొంచెం కొంచెం ఎడమకు జరుగుతుంది. పొద్దున రెండు కిటికీలు తెరిచినప్పుడు ఉన్న చోటు, మధ్యాహ్నం ఎనిమిది తెరిచేసరికి ఉండదు. చేతికి ఏ చోటూ అలవాటు కాకపోవడానికి కారణం ఇదే.

దీనికి మందు అర నిమిషం పని. కింది పట్టీ మీద, అంటే టాస్క్‌బార్ మీద, ఖాళీ చోట రైట్ క్లిక్ చేస్తే టాస్క్‌బార్ సెట్టింగ్స్ అని వస్తుంది. అది తెరిచి అడుగుకు వెళితే టాస్క్‌బార్ బిహేవియర్స్ అనే భాగం ఉంటుంది. అందులో అలైన్‌మెంట్ ఎదురుగా సెంటర్ బదులు లెఫ్ట్ ఎంచుకోవాలి. బటన్ తిరిగి మూలకు చేరుతుంది. కొత్త విండోస్‌లో అన్నిటికంటే ముందు చేయవలసిన మార్పు ఇదే. మిగిలినవన్నీ తీరిక చూసుకుని చేయవచ్చు.

ఇలా అలవాటైన చోట్లు చెదిరిపోవడం ఇది మొదటిసారి కాదు. 2007 జనవరి చివర మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007 మార్కెట్లోకి వచ్చినప్పుడు వర్డ్, ఎక్సెల్ పైభాగంలో ఉండే ఫైల్, ఎడిట్, వ్యూ మెనూలు మాయమై, బొమ్మల పట్టీ వచ్చింది. దాన్నే రిబ్బన్ అంటారు. 2011 ఏప్రిల్‌లో లినక్స్ వాడేవారికి గ్నోమ్ 3 అనే కొత్త డెస్క్‌టాప్ వచ్చింది. కింది పట్టీ పోయింది, కిటికీని కిందికి దించే బటన్ కూడా పోయింది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ అంతటివాడే విసుగెత్తి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే వేరే డెస్క్‌టాప్‌కు మారాడు. రెండేళ్లకు, ఎక్స్‌టెన్షన్లు అనే చిన్న చేర్పులతో దాన్ని తనకు అనువుగా దిద్దుకుని మళ్లీ గ్నోమ్‌కే వచ్చాడు. 2012 అక్టోబరు 26న విండోస్ 8 స్టార్ట్ బటన్‌ను పూర్తిగా తీసేసింది. ఏడాది తిరగకముందే, 2013 అక్టోబరు 17న, విండోస్ 8.1తో బటన్ వెనక్కి వచ్చింది. మెనూ రావడానికి మాత్రం 2015 జులై 29న విడుదలైన విండోస్ 10 దాకా ఆగాల్సి వచ్చింది. చాలాసార్లు తయారీదారులు కొంత వెనక్కి తగ్గారు, వాడేవారు కొంత ముందుకు కదిలారు. పూర్తిగా పాత తెర మాత్రం ఎప్పుడూ తిరిగి రాలేదు. అందుకే పాతదాని కోసం ఎదురుచూడటం కన్నా కొత్తదాన్ని తన చేతికి తగ్గట్టు వంచుకోవడమే లాభం.

తెరమార్పు బరువు ఎంతో తెలియాలంటే ధర్మవరంలో చీర డిజైన్ తయారయ్యే తీరు చూడాలి. మగ్గం మీద ఉండే జకార్డు 1804లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ తయారుచేసిన యంత్రానికి వారసురాలు, పేరు కూడా ఆయనదే. చిల్లులు పొడిచిన అట్టలు దండలా జకార్డు మీదుగా తిరుగుతాయి. నాడె ఒకసారి ఇటునుంచి అటు పోయేందుకు ఒక అట్ట. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఏ అట్టలో ఎక్కడ చిల్లు పడాలో పూర్వం గళ్ల కాగితం మీద ఒక్కో గడి నింపి నిర్ణయించేవారు. ఇప్పుడు ఆ గళ్లు కంప్యూటర్ తెరమీదికి వచ్చాయి. గళ్ల నిలువు వరుస ఒక పడుగు పోగు, అడ్డ వరుస ఒక పేక. ఒక బుటా 240 గళ్ల వెడల్పు, 300 గళ్ల ఎత్తు ఉందంటే దానికి 300 అట్టలు కావాలి. తెరమీద చేసిన ప్రతి పొరపాటూ ఒక అట్టలో చిల్లుగానో, చీరలో పోగుగానో తేలుతుంది. అక్కడ చెరిపేసే బటన్ ఉండదు.

హిందూపురానికి దగ్గర్లోని లేపాక్షి వీరభద్రాలయంలో లతా మండపం స్తంభాల మీద చెక్కిన తీగలు, పూలు చీరల అంచుల్లోకి, బుటాల్లోకి ఎప్పటినుంచో దిగుతున్నాయి. అలాంటి ఒక పూవును ఫోన్‌తో ఫొటో తీసి ఫొటోషాప్‌లాంటి సాఫ్ట్‌వేర్‌లో పెట్టి, దాని మీద గళ్లలో గీస్తున్న డిజైనర్‌ను ఊహించుకోవచ్చు. అతనికి కావలసిన పనిముట్టు పెన్సిల్ టూల్. బ్రష్ టూల్ పనికిరాదు. బ్రష్‌తో గీసిన గీత అంచుల్లో రంగు పలచబడి మధ్యరకం ఛాయలు పుడతాయి. కంటికి అందంగా ఉంటుంది కానీ మగ్గానికి మధ్యరకం తెలియదు. పోగు లేవాలి, లేదా లేవకూడదు. పెన్సిల్ గీత మాత్రం గడిని నిండుగా నింపుతుంది, లేదా ఖాళీగా వదులుతుంది. అంత ముఖ్యమైన పెన్సిల్ టూల్ ఫొటోషాప్‌లో బ్రష్ గుర్తు వెనుక దాగి ఉంటుంది. నొక్కి పట్టుకుంటే గానీ బయటపడదు. అలాగే బొమ్మను పెద్దదో చిన్నదో చేసేటప్పుడు నియరెస్ట్ నైబర్ అనే పద్ధతి ఎంచుకోకపోతే మళ్లీ అవే మధ్యరకం ఛాయలు వచ్చి చేరతాయి. రంగుల సంఖ్యను కట్టుదిట్టం చేసే ఇండెక్స్‌డ్ కలర్ అనే ఆజ్ఞ ఇమేజ్ మెనూలో, మోడ్ అనే ఉపమెనూలో ఉంటుంది. చీర డిజైనర్‌కు ప్రాణమైనవన్నీ ఇలా రెండు మూడు తలుపుల వెనుకే ఉన్నాయి. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను ఫొటోలు దిద్దేవారి కోసం తయారుచేశారు, చీరల కోసం కాదు.

ఆ తలుపులు తీసిపెట్టుకునే వీలు అదే సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఎడిట్ మెనూలో అడుగున మెనూస్ అని ఒకటి ఉంటుంది. అది తెరిస్తే ప్రతి ఆజ్ఞ పక్కన కన్ను గుర్తు కనిపిస్తుంది. కన్ను మూస్తే ఆ ఆజ్ఞ మెనూలోంచి తప్పుకుంటుంది. వాడనివి మూసేసి, ఇండెక్స్‌డ్ కలర్, ఇమేజ్ సైజ్ వంటివాటికి రంగు పూస్తే అవి మెనూలో ఎర్రగానో పచ్చగానో కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. అదే ఎడిట్ మెనూలోని టూల్‌బార్ అనేదాన్ని తెరిచి పెన్సిల్‌ను బ్రష్ వెనుకనుంచి లాగి విడిగా నిలబెట్టవచ్చు. ఆఖరున విండో మెనూలో వర్క్‌స్పేస్ దగ్గరికి వెళ్లి ఈ అమరిక మొత్తానికి ఒక పేరు పెట్టి దాచుకోవాలి. అలా పేరుపెట్టి దాచేటప్పుడు మెనూలు, టూల్‌బార్, కీబోర్డు షార్ట్‌కట్‌లు కూడా చేర్చాలా అని అడుగుతుంది. ఆ గళ్లలో టిక్కు పెట్టడం మరిచిపోతే చేసిన సర్దుబాటు సగమే దాగుతుంది.

బటన్ చోటు మారితే వెతుక్కోవచ్చు. చోటు అదే ఉండి అర్థం మారితే ప్రమాదం ఎక్కువ. 2018 అక్టోబరులో వచ్చిన ఫొటోషాప్ సీసీ 2019 అలాంటి మార్పు తెచ్చింది. అంతవరకు బొమ్మను మూల పట్టుకుని లాగేటప్పుడు నిడివి, వెడల్పు సమంగా పెరగాలంటే షిఫ్ట్ మీట నొక్కి పట్టుకోవలసి ఉండేది. కొత్తదాంట్లో ఊరికే లాగితే సమంగా పెరుగుతుంది, షిఫ్ట్ నొక్కితే సాగిపోతుంది. ఏళ్లుగా షిఫ్ట్ నొక్కే వేలు మనసుకు చెప్పకుండానే నొక్కేస్తుంది. 240కి 300 ఉన్న బుటా కాస్తా 240కి 330 అయితే తెరమీద తేడా అంతగా కనబడదు. అసలే పడుగు సాంద్రత, పేక సాంద్రత ఒకటి కానందువల్ల గళ్లలో గీసిన బొమ్మ తెరమీద ఎప్పుడూ కొంచెం నొక్కుకున్నట్టో సాగినట్టో ఉంటుంది. డిజైనర్ కన్ను దానికి అలవాటుపడి ఉంటుంది. తేడా తెలిసేది 30 అట్టలు ఎక్కువ పడ్డాక, లేదా మగ్గం మీద పూవు పొడుగ్గా దిగాక. ప్రిఫరెన్సెస్‌లో జనరల్ అనే భాగంలో లెగసీ ఫ్రీ ట్రాన్స్‌ఫార్మ్ అన్న గడిలో టిక్కు పెడితే పాత పద్ధతి తిరిగి వస్తుంది. కొత్త వెర్షన్ ఎక్కించిన రోజే, ఆర్డరు పని ముట్టుకోకముందే, పాత డిజైన్ ఒకటి తెరిచి గీయడం, పెంచడం, వెనక్కి తీసుకోవడం అన్నీ ఒకసారి చేసి చూసుకోవడం మంచిది. వెనక్కి తీసుకునే కంట్రోల్ జెడ్ పద్ధతి కూడా ఆ వెర్షన్‌తోనే మారింది.

నేత కోసమే తయారైన సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సంస్థ మీడియా ల్యాబ్ ఏషియా రూపొందించిన డిజిబునాయ్ వాటిలో ఒకటి. జకార్డు, డాబీ నేతలకు పనికొస్తుంది, ఉచితం. అందులో మెనూలు నేత మాటలతోనే మొదలవుతాయి కాబట్టి దాచవలసినవి తక్కువ.

హిందూపురం డీటీపీ సెంటర్లలో సమస్య రూపం వేరు. సరిహద్దు పట్టణం కావడంతో ఇక్కడ తెలుగుతో పాటు కన్నడం కూడా వ్యవహారంలో ఉంది. డీటీపీ పనిలో తెలుగుకు అను ఫాంట్లు, పేజ్‌మేకర్ జంట ఇంకా నడుస్తూనే ఉంది. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్, 7.0, వచ్చింది 2001లో. అంటే కింద విండోస్ ఎన్నిసార్లు మారినా పైన నడిచే పనిముట్టు మాత్రం పాతదే. అందుకే ఇక్కడ మార్పు దెబ్బ ఎక్కువగా ఫైళ్లతో చేసే పనుల్లో తగులుతుంది: కాపీ చేయడం, పేరు మార్చడం, పెన్ డ్రైవ్‌కు పంపడం.

పత్రిక ప్రూఫ్ తీసుకుపోవడానికి వచ్చిన మనిషి కౌంటర్ దగ్గర పెన్ డ్రైవ్ పట్టుకుని నిలబడి ఉంటాడు. ఆపరేటర్ ఫైలు మీద రైట్ క్లిక్ చేస్తాడు. పాత విండోస్‌లో సెండ్ టు అన్న మాట కళ్లెదుటే ఉండేది. విండోస్ 11లో చిన్న మెనూ వస్తుంది, అందులో సెండ్ టు కనబడదు. కాపీ, రీనేమ్, డిలీట్ అన్న మాటలు కూడా మొదట్లో లేవు, వాటి బదులు చిన్న బొమ్మలు ఒక వరుసలో ఉండేవి. మాటలు చేర్చింది 2024 అప్‌డేట్‌తో. పాత మెనూ కావాలంటే అడుగున ఉన్న షో మోర్ ఆప్షన్స్ నొక్కాలి. ఇంకా దగ్గరి దారి ఉంది: షిఫ్ట్ మీట పట్టుకుని రైట్ క్లిక్ చేస్తే నేరుగా పాత మెనూయే తెరుచుకుంటుంది. పేరు మార్చడానికి ఎఫ్2 మీట ముందునుంచీ ఉంది. దాన్ని అలవాటు చేసుకున్నవారికి మెనూ ఎలా మారినా పట్టింపు లేదు.

సెండ్ టు మెనూలో సొంత గమ్యాలు చేర్చుకునే వీలును చాలామంది ఆపరేటర్లు వాడుకోరు. విండోస్ మీటతో ఆర్ అక్షరం నొక్కితే రన్ అనే చిన్న పెట్టె వస్తుంది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో షెల్ అని, వెంటనే రెండు చుక్కలు, ఆ పక్కనే ఖాళీ లేకుండా సెండ్‌టు అని కొట్టి ఎంటర్ నొక్కాలి. ఒక ఫోల్డర్ తెరుచుకుంటుంది. ఆఫ్‌సెట్‌కు పోవలసినవి, ఫ్లెక్సీకి పోవలసినవి, ప్రూఫ్ చూడవలసినవి అని మూడు ఫోల్డర్లు ఉంటే, ఆ మూడింటి షార్ట్‌కట్‌లు తెచ్చి ఇందులో వేస్తే చాలు. షార్ట్‌కట్‌కు తెలుగులోనే పేరు పెట్టవచ్చు. అప్పటినుంచి సెండ్ టు మెనూలో ప్రెస్సు, ఫ్లెక్సీ, ప్రూఫ్ అన్న మాటలు తెలుగు అక్షరాల్లో కనిపిస్తాయి.

భాష మార్చుకోవడం కోసం గడియారం పక్కన గుర్తును వెతకనక్కరలేదు. విండోస్ మీటతో స్పేస్ నొక్కితే ఒక కీబోర్డునుంచి ఇంకో కీబోర్డుకు మారుతుంది. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ దగ్గర తెలుగును, కన్నడాన్ని చేర్చుకుంటే రెండూ ఆ వరుసలోకి వస్తాయి. తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో పాటు, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే ఫొనెటిక్ కీబోర్డు కూడా 2019నుంచి విండోస్‌లోనే ఉంది. ఇవి యూనికోడ్ తెలుగుకు. అను ఫాంట్ల లెక్క వేరు.

పెనుకొండ తరహా ఆఫీసుల్లో ఒకే కంప్యూటర్ ముందు పొద్దున ఒకరు, సాయంత్రం ఇంకొకరు కూర్చుంటారు. ఒకరు ఎడమకు జరిపిన బటన్‌ను ఇంకొకరు మధ్యకు జరిపితే ఇద్దరికీ అలవాటు కుదరదు. ఒక్కొక్కరికీ వేరే యూజర్ అకౌంట్ ఉంటే ఎవరి అమరిక వారికే ఉంటుంది, ఎవరి కాగితాలు వారి దగ్గరే ఉంటాయి. వర్డ్, ఎక్సెల్ పైభాగాన క్విక్ యాక్సెస్ టూల్‌బార్ అని సన్నని పట్టీ ఉంటుంది. రోజూ వాడే నాలుగైదు ఆజ్ఞలను రైట్ క్లిక్ చేసి అందులో చేర్చుకుంటే, ఆల్ట్ మీటతో ఒకటి, రెండు, మూడు అంకెలు నొక్కి వాటిని పిలవచ్చు. రిబ్బన్ ఎలా మారినా ఆ అంకెలు మారవు. లిబ్రెఆఫీస్ వాడేచోట ఇంకా తేలిక. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్ తెరిస్తే పాత మెనూలు కావాలా, బొమ్మల పట్టీ కావాలా అని అదే అడుగుతుంది. ఇక ప్రభుత్వ సైట్ల మీద జరిగే పనికి ఈ సర్దుబాట్లేవీ వర్తించవు. సైటు రూపం మారితే మారినట్టే. బ్రౌజర్ బుక్‌మార్కుల పట్టీలో లాగిన్ పేజీలను వరుసగా పెట్టుకోవడం ఒక్కటే అక్కడ చేయగలిగింది.

ఈ సర్దుబాట్లలో తెలుగు చోటు గురించి విడిగా చెప్పుకోవాలి. విండోస్ 11 మెనూలను తెలుగులోకి మార్చుకునే వీలుంది. ఇంగ్లీషు మెనూలతో ఏళ్లుగా పనిచేసినవారికి అది కొత్తగా, కొన్నిచోట్ల కష్టంగా ఉంటుంది. మొదటిసారి కంప్యూటర్ ముందు కూర్చునే నేత కుటుంబపు మనిషికి మాత్రం అదే దగ్గరి దారి కావచ్చు. లినక్స్‌లో ఈ స్వేచ్ఛ ఇంకా ఎక్కువ. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు మెనూలతో లినక్స్‌ను తయారుచేసింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ 2007లో తెచ్చిన బాస్ లినక్స్‌లోనూ భారతీయ భాషలున్నాయి. లినక్స్‌లో మెనూలోని ప్రతి ప్రోగ్రాముకూ ఒక చిన్న పాఠ్య ఫైలు ఉంటుంది. అందులో నేమ్ అన్న మాట పక్కన చదరపు బ్రాకెట్లలో టి, ఇ అక్షరాలు పెట్టి, సమానం గుర్తు తర్వాత తెలుగు పేరు రాస్తే, తెలుగు డెస్క్‌టాప్‌లో ఆ ప్రోగ్రాము అదే పేరుతో కనిపిస్తుంది. అక్షరాలు కూర్చే ప్రోగ్రాముకు అచ్చుపని అని పేరు పెట్టుకోవాలంటే ఎవరి అనుమతీ అక్కరలేదు. గ్నోమ్ 2 పాత రూపం నచ్చినవారు దాన్నే మేట్ అనే పేరుతో ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నారు. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొంత కొత్త ప్రాసెసర్ ఉండాలి. అవి లేని పాత కంప్యూటర్లకు మేట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటి తేలికపాటి డెస్క్‌టాప్‌లు సరిపోతాయి. అయితే పేజ్‌మేకర్, అను నడవాల్సిన చోట ఈ దారి పనికిరాదు.

మారడానికి సమయం కూడా చూసుకోవాలి. డీటీపీ సెంటర్‌కు ఆషాఢం అనువైన నెల. ముహూర్తాలు ఉండవు, పత్రికల రద్దీ ఉండదు. చీర డిజైనర్‌కు అదే ఆషాఢం పనికిరాదు, శ్రావణం చీరలకు పని జోరుగా ఉండే కాలమది. శ్రావణం దాటాక భాద్రపదం వారికి నయం. విండోస్ 10నుంచి 11కు మారాక మొదటి పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లోని రికవరీ భాగంనుంచి వెనక్కి పోయే వీలుంటుంది. ఆ పది రోజుల్లో ప్రింటర్, ఫాంట్లు, అట్టలు కొట్టే యంత్రానికి ఫైలు పంపే ప్రోగ్రాము, అన్నీ పనిచేస్తున్నాయో లేదో చూసేయాలి. పదకొండో రోజున ఆ వీలు ఉండదు.

సర్దుకున్న అమరికను దాచుకోవడం ఆఖరి పని. ఆఫీస్‌లో ఆప్షన్స్ తెరిచి కస్టమైజ్ రిబ్బన్ అడుగున ఉన్న ఇంపోర్ట్, ఎక్స్‌పోర్ట్ ద్వారా టూల్‌బార్ మొత్తాన్ని ఒక చిన్న ఫైలుగా తీయవచ్చు. సెండ్ టు ఫోల్డర్‌ను యథాతథంగా కాపీ చేసుకోవచ్చు, ఫొటోషాప్ వర్క్‌స్పేస్ ఫైలునూ అలాగే. ఇవన్నీ కలిపినా పెండ్లి పత్రికలో వాడే ఒక్క ఫొటో అంత చోటు కూడా పట్టవు. తారీఖు రాసిన ఒక ఫోల్డర్‌లో వేసి పెన్ డ్రైవ్‌లో ఉంచితే, కంప్యూటర్ ఫార్మాట్ చేయాల్సి వచ్చినప్పుడో, కొత్తది కొన్నప్పుడో పెన్సిల్ టూల్, ప్రెస్సు ఫోల్డర్, ఆల్ట్ ఒకటి మళ్లీ పాత చోటికే వచ్చి కూర్చుంటాయి.